ప్రథమా విభక్తి

సినిమాలో ఆ రాత్రి వాన పడుతోంది.
యారంబాలో ఆ ఏడాది చినుకు లేదు.

మెమోరియల్ హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు.
గోడకు బిగించిన తెల్లగుడ్డ మీద
గోధుమ సైలో వెనకాల ముగ్గురు, నడుమ ఒకడు.
వాడి బెల్టు ఊడదీసి
చూడాలనుకున్నది చూస్తున్నారు.
నా ముందు వరసలో ఎవరో
స్కోన్ ముక్క నోటిదాకా తెచ్చి ఆపేశారు.

అక్కడ కెమెరా మొహం తిప్పుకుంది.
దానికి తిప్పుకునే వీలుంది.

అసలు క్లైడ్ నెలకోసారి నా మందుల షాపుకొచ్చేవాడు.
గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో పని,
ఎంత తోమినా చేతుల్ని వదలని ఉన్నికొవ్వు వాసన.
పై పెదవి మీద అప్పుడప్పుడే దిగుతున్న నూగుని
మాటిమాటికీ తడిమి చూసుకునేవాడు,
నాటిన గింజ మొలిచిందో లేదోనని
మన్ను గిల్లి చూసే పిల్లాడిలా.

ముసలాడి పేరేమిటయ్యా నీకు అంటే
తాతదన్నాడు.
"ఆయన పోయాక ఎవరూ వాడట్లేదు,
తుప్పు పట్టకముందే తీసుకున్నా."

కంప్యూటరు మాత్రం పాత పేరే అచ్చేసేది.
ఆ పేరు నేనిక్కడ రాయను.
పెట్టె అందుకోగానే లేబుల్ మీద బొటనవేలు వేసి
గట్టిగా నొక్కిపట్టి వెళ్లేవాడు,
నెత్తురు కారే చోట నొక్కిపట్టినట్టు.

ఒంగోల్లో మా అక్కకి ఫోన్లో చెప్పబోతే
"వస్తాడంటావు, వస్తుందంటావు,
సరిగ్గా చెప్పవే" అని విసుక్కుంది.
ఏం చెప్పను.
ఆ ముక్క తేల్చందే మన క్రియాపదం
ఎవర్నీ గడప దాటనివ్వదు.
ఆడమనిషి వచ్చినా ఆవు వచ్చినా
గాలికి తలుపు తోసుకుని దుమ్మొచ్చినా
ఒకటే "వచ్చింది".
మూడో తరగతిలో చేతులు కట్టుకుని
డు ము వు లు అని వల్లించిన నాకు
ఒక్క డు కోసం ఒక మనిషి
పదిహేను వందల కిలోమీటర్లు దాటి రావచ్చని తెలీదు.
తనంతట తను "వచ్చాను" అంటే మాత్రం
మన భాష ఏమీ అడగదు.
ఊరు అడిగింది.

సినిమాలో ఊరికి తెలియడానికి కారణం
ట్రక్కులోంచి జారిపడ్డ డ్రైవింగ్ లైసెన్సు.
బాగా తీశారు.
బురదలో మెరుస్తూ, వెల్లకిలా.

జరిగింది వేరు.
మార్చిలో ఒక గురువారం, పెన్షన్ల రోజు,
వరసలో ఎనిమిది మంది.
ఇన్సులిన్ ఫ్రిజ్ మొరాయించింది, ఫోను మోగుతోంది.
కళ్లెత్తకుండా లేబుల్ చదివి
గట్టిగా పిలిచాను
అచ్చేసి ఉన్న పేరునే.

షాపు మొత్తంలో తల తిప్పింది ఒకడే.
రాకుండా వెళ్లిపోవచ్చు.
వచ్చాడు.
ఎనిమిది మంది ముందునుంచీ నడిచి వచ్చాడు,
బొటనవేలు అప్పటికే ముందుకు చాచి.

పదకొండు రోజులు బతికాడు.

కోర్టులో నన్నెవరూ పిలవలేదు.
సినిమావాళ్లు వచ్చి, టీ తాగి,
ఎలా ఉండేవాడని అడిగితే
"చిల్లర సరిగ్గా ఇచ్చేవాడు" అన్నాను.
తెర మీద మందుల షాపే లేదు.

వాళ్లమ్మ నోలీన్ ఆ శీతాకాలం కాగితం సంచితో వచ్చింది.
మిగిలిన మందు.
"చెత్తలో వెయ్యొద్దని రాసుంది, అందుకని" అంది.
పెట్టె మీద పాత పేరుని
బాల్‌పెన్‌తో కాగితం చిరిగేదాకా కొట్టేసి
పైన వంకరగా రాసింది క్లైడ్ అని,
తన తండ్రి పేరు.
వాపసు మందుల డబ్బాలో వెయ్యలేకపోయాను.
ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

దీపాలు వెలిగాయి.
ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా
కుర్చీలు మడుస్తున్నారు. చప్పుడు, చప్పుడు.
నోలీన్ నా పక్కకి వచ్చి నిలబడింది.
"ఆ రాత్రి నిజంగా వాన పడిందా?" అంది.
"లేదు" అన్నాను.

ఇంకా అక్కడే నిలబడింది.
తర్వాతి వాక్యానికి
కర్త నేను.